రాశాక తిరిగి చదివించే సారు

టెక్కలి కాలేజీలో మా లాబ్ సారుది ఉద్దానం. కంప్యూటర్‌కి తగిలించిన కార్డు మెమరీని మన ప్రోగ్రాం నేరుగా ముట్టుకోకూడదని, సిస్టం కాల్ పెట్టి, మిషన్‌ని నడిపే కెర్నెల్‌ని అడగాలని నేర్పింది ఆయనే. ఆ మెమరీలో ఏ విలువ రాసినా వెంటనే తిరిగి చదివించేవారు.

"రాసీగానే సేరిపోద్దేటి? సదివి సూడు" అని కసిరేవారు.

మనుషులతోనూ అంతే. ఏం చెప్పినా మళ్ళీ మన నోటితో చెప్పించుకునేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన కిడ్నీలు రెండూ పోయి విశాఖ ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి వెళ్ళాను. డయాలసిస్ మిషన్ వైపు చెయ్యి చూపించారు.

"ఇంక దీని మీదికి రాను. ఇంట్లో మీ మేడంకి నువ్వే సెప్పాల" అన్నారు. వెంటనే, "ఏటన్నానో సెప్పు" అన్నారు.

నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా మొహంలోకే చూశారు.

"సేరిందిలే" అని కళ్ళు మూసుకున్నారు.