ఎవరిదో తెలియని డబ్బా

2011లో అమెరికాలో, సన్నీవేల్‌లో నా రూమ్మేట్ ప్రమోద. ఆఫీసులో ఎంత చిక్కు ప్రోగ్రామైనా ఇట్టే విప్పేస్తుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి అంతా అయోమయం.

ఆ వేసవిలో లైబ్రరీలో ఒక చెక్ దేశపు కామెడీ సినిమా చూశాం. నగరంలో ఒంటరి కుర్రాళ్ళూ అమ్మాయిలూ తోడు కోసం తప్పు తలుపులు తడుతూ తిరుగుతుంటారు. పక్క సీట్లో కూర్చున్న గుంటూరు అబ్బాయి నిశాంత్ మాకు డబ్బాలోంచి జంతికలు పెట్టాడు. మిగిలినవి డబ్బాతో సహా మా ఇంటికొచ్చాయి.

ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని ప్రమోద అందులో పులిహోర పెట్టి పంపింది. అతనూ అలాగే పెరిగినవాడు, సున్నుండలు పెట్టి పంపాడు. అలా అటూ ఇటూ తిరిగి తిరిగి, చలికాలం వచ్చేసరికి అసలా డబ్బా ఎవరిదో ఇద్దరూ మర్చిపోయారు.

"ఇది ఇష్టమంటావా, ఫార్మాలిటీనా?" అని ప్రమోద రోజూ నన్ను తినేసేది.

"నన్నడుగుతావేం? వెళ్ళి అతన్నే అడుగు!" అని కసిరాను.

"ఫార్మాలిటీ అంటేనో?"

ఒక ఆదివారం మధ్యాహ్నం నిశాంత్ డబ్బా పట్టుకొచ్చాడు. ప్రమోద మూత తీసింది. శుభ్రంగా కడిగిన ఖాళీ డబ్బా. ఆమె మొహం పాలిపోయింది.

"ఇవాళ ఏం వండలేదండీ. ఇక్కడే తిందామని వచ్చేశా" అంటూ అతను బూట్లు విప్పుకున్నాడు.

ప్రమోద నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "మరిప్పుడు డబ్బా ఎవరు ఎవరికివ్వాలే?" అని గుసగుసలాడింది.

నేను ఆ డబ్బా లాక్కుని మా గిన్నెల మధ్య పెట్టేశాను.