మా పేజీకి బటన్లు పెట్టిన సారు

మా కంప్యూటర్ సారు పోయిన మంగళవారం పొద్దున దవాఖానలో కన్నుమూశారు. వాళ్ల పెద్దమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. బైబిలు నా ఒళ్లో తెరిచే ఉంది. ఎన్నో చావు ఇళ్లలో ఆదరణ చెప్పిన పాస్టరును నేను, ఆ పూట దాన్ని మూసి పక్కన పెట్టాను.

సారు శంషాబాద్ బస్టాండు వెనక నెట్ సెంటర్ నడిపేవారు. వాళ్లిల్లు మా మందిరం పక్కనే. మా సంఘం మనిషి కాదు, ఏ గుడికీ పెద్దగా పోయే మనిషీ కాదు. నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు, వాక్యం నాకు నేనే నేర్చుకున్నాను. సంఘం వెబ్‌సైటు కూడా అలాగే చేద్దామనుకున్నాను. ఒక్కో బటన్‌కు రెండేసి బొమ్మలు పెట్టాను: మామూలుది ఒకటి, వేలు పెడితే వెలిగేది ఒకటి. ఎయిర్‌పోర్టు పార్కింగులో సవారీ కోసం ఎదురుచూసే మా క్యాబు తమ్ముళ్లు ‘ప్రార్థన మనవి’ నొక్కితే, రెండో బొమ్మ వచ్చేదాకా అక్కడ ఖాళీ. “అన్నా, నొక్కంగనే మాయమైతుంది” అని ఫోన్లు.

సారు చూసి నవ్వారు. “గిన్ని బొమ్మలెందుకన్నా? అన్నీ ఒక్కదాంట్లనే పెట్టు. బటన్ అంటే చిన్న కిటికీ అనుకో. ఎనక బొమ్మను జరుపు, కావల్సిన ముక్కనే కనవడ్తది.” ఒక్క బొమ్మ వస్తే అన్నీ వచ్చినట్టే, ఇక ఖాళీ ఉండదు. దాన్ని స్ప్రైట్ అంటారని ఆయనే చెప్పారు.

ఒకసారి ‘పాటలు’ బొమ్మను తెచ్చి ఆ పెద్ద బొమ్మ మధ్యలో ఇరికించాను. కింద ఉన్నవన్నీ ఇంకా కిందికి జరిగి, ‘మనవి’ చోట సగం గంట, సగం పుస్తకం కనిపించాయి. సారు దాన్ని తీసి అడుగున పెట్టారు. “కొత్తోళ్లొస్తే కింద కూసోవెట్టాలె. ఉన్నోళ్లను లేపొద్దు.” ఈ మాట మా సంఘంలో కుర్చీల పంచాయితీకి కూడా పనికొచ్చింది.

ఒక ఆదివారం జలప్రళయం నాటి ఓడ గురించి ప్రసంగిస్తూ ఆవేశంలో, “ఓడకు మేకులు కొట్టినోళ్లు కూడా మునిగిండ్రు. మన పేజీకి తలుపులు చేసి బయటనే నిలబడ్డోళ్లు ఇనుండ్రి” అన్నాను. మైకులో. ఎవరినన్నానో వీధికంతా తెలుసు.

మరునాడు సారు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. “మైకు మంచిగనే పనిచేస్తుందన్నా. నా పేరొక్కటే తక్కువైంది” అన్నారు. అంతే. ఆ పూట కూడా రెండు బటన్లు సరిచేసి పోయారు.

క్షమాపణ మీద గంటన్నర మాట్లాడగలను. నన్ను క్షమించమని ఆయనను మాత్రం అడగలేకపోయాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది గడిచింది. దవాఖానలో మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆయనే అడిగారు, “పేజీ నడుస్తుందా అన్నా?” అని. “నడుస్తుంది సారూ” అని చెప్పి వచ్చేశాను.

మొన్న ఆదివారం ప్రసంగం తయారు చేసుకోలేదు. ఓపిక లేదు. అదే మైకులో, “ఆ రోజు నేనన్నది పక్కింటి సారునే. అది తప్పు. మీ మనవులు నాకు చేరింది ఆయన పెట్టిన తలుపులోంచే” అని మాత్రం చెప్పాను.

కిటికీలోంచి చూస్తే, పక్కమేడ మీద సారు భార్య బట్టలు ఆరేస్తున్నారు. నేను మాట్లాడినంతసేపూ చేతిలో ఉన్న ఆయన తడి చొక్కాను అలాగే పట్టుకుని నిలబడ్డారు. నేను ముగించాక దాన్ని రెండుసార్లు దులిపి, తీగ మీద వేసి, భుజాలు సరిచేశారు.