పళ్ళెం పట్టుకున్న మనిషి

గరివిడిలో మా ముందుగదికి రెండు కుర్చీలు, గోడకి ఒక బొమ్మ. విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లీషువాళ్ళ ఇల్లు అది, రంగుల్లో అచ్చువేసింది. మా అమ్మ పెళ్ళికి ముందు మిషను బంగళాలో పనిచేసేది. అక్కడి దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోతూ అద్దం కట్టించి మరీ ఇచ్చిందట.

బొమ్మలో గడ్డం దొర ఉత్తరం చదువుతుంటాడు. భార్య కుట్టుపని ఒళ్ళో పెట్టుకుని వింటుంటుంది. ఇద్దరు ఆడపిల్లలు, తివాచీ మీద కుక్క, గోడలో మండుతున్న పొయ్యి. "ముందుగదిలో పొయ్యెట్టుకున్నారు గానీ, దానిమీద గిన్నొకటీ నేదు సూడండి" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేది. నాన్నతో ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు వస్తే కుర్చీల్లో కూర్చునేవారు. అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలోనే నిలబడి మాట్లాడేది. ఎవరూ లేనప్పుడు కూడా ఆవిడ ఆ కుర్చీల్లో కూర్చోగా నేను చూడలేదు.

అరవయ్యో దశకం చివర, నేను హైస్కూల్లో ఉండగా, జిల్లా ప్రదర్శనకి మా బడి నుంచి ఒక్క బొమ్మ పంపుతామన్నారు డ్రాయింగు మాస్టారు. మనుషులున్న బొమ్మ ఏదైనా చూసి, ఉన్నదున్నట్టు దించాలి. వెళ్తే నాదే వెళ్ళాలని పట్టుబట్టాను. నా పట్టు సంగతి ఇంట్లో తెలిసిందే కనక నెల్లాళ్ళు నన్నెవరూ పనికి పిలవలేదు.

దొర గడ్డం బాగా కుదిరింది. కుక్క అంతకన్నా బాగా కుదిరింది. పూర్తయ్యాక గర్వంగా అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది.

"అదేదే?" అంది.

"ఏది?"

"పళ్ళెమట్టుకున్న మనిషి."

అసలు బొమ్మలో ఓ మూల, తలుపు దగ్గర చీకట్లో, టీ పళ్ళెంతో పనిమనిషి ఉంటుంది. ఆ చేతులు నాకు ఎంతకీ రాలేదు. ఆ మనిషి ఉండాల్సిన చోట ఓ పరదా వేసేసి ఊరుకున్నాను.

"ఆవిణ్ణెవరు చూస్తారమ్మా" అన్నాను.

కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. "నానూ అలాగే నిల్సునేదాన్నే. దొరసాని ఊరి పిల్లలకి అచ్చరాలు సెప్తంటే, టీ సల్లారిపోతన్నా కదిలేదాన్ని కాదు. నీకు దిద్దించిన అచ్చరాలు అక్కడివే" అంది.

నాకు సిగ్గేసింది. పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించింది అమ్మే. ఆవిడ ఎక్కడ నేర్చుకుందో ఏనాడూ అడగలేదు.

మర్నాడు పరదా మీద తెల్లరంగు పూసేసి, అమ్మ చేతికి పళ్ళెం ఇచ్చి గుమ్మంలో నిలబెట్టాను. "పొయ్యిమీద పులుసున్నాదే" అని గొణుగుతూనే నిలబడింది. చేతులు కుదిరాయి. ముఖం వేస్తుంటే అమ్మ ముఖమే వచ్చింది. రానిచ్చాను.

మాస్టారు మెచ్చుకుంటూ చూసి, తలుపు దగ్గరకొచ్చేసరికి కళ్ళజోడు సవరించుకున్నారు. "దొరలింట్లో మన ఊరి ముఖమేమిటమ్మా? ఆ ఒక్కటీ మార్చి తీసుకురా, రేపే పంపించేస్తాను" అన్నారు. ఆయన తప్పేం లేదు. ఉన్నదున్నట్టే దించమన్నారు కదా.

ఇంట్లో చెప్తే అమ్మ తేలిగ్గా తీసేసింది. "మార్సియ్యే. నా మొకానికేటొచ్చింది? నెల్లాళ్ళు కూకుని ఏసినావు" అంది.

కుంచె తడిపాను. ఆ ముఖం మీదికి తీసుకెళ్ళి, చెయ్యి రాక, కడిగి డబ్బాలో పడేశాను.

ప్రదర్శనకి ఇంకో అమ్మాయి బొమ్మ వెళ్ళింది. నేను ఏడవలేదని చెప్పను. అమ్మ రెండు రోజులు మొండిఘటమని నన్ను తిట్టిపోసింది. మూడో రోజు బడి నుంచి వచ్చేసరికి నా బొమ్మ అద్దం కట్టి, దొరసాని బొమ్మ పక్కనే గోడకి వేలాడుతోంది. దానికెదురుగా కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"టీ ఎట్టి అట్టుకురాయే" అంది.

పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళాను.