కోళ్లకు పట్టని విషం

పదవీ విరమణకు ఇంకా రెండు వానాకాలాలు ఉండగా నన్ను శేరిలింగంపల్లి పశువుల దవాఖానకు వేశారు. హోదా పశువైద్యాధికారి. అంటే సంతకం పెట్టేదీ నేనే, సూది వేసేదీ నేనే. అద్దాల మేడల మధ్య పశువులెక్కడివయ్యా అని మిత్రులు వెక్కిరించేవారు. గేదెలున్నాయి, మేకలున్నాయి, పుప్పాలగూడలో బాలమణి పందులున్నాయి. ఆ రోజులంటే నాకు ఇప్పటికీ బెంగే.

బాలమణిది ఆ ఊరే. ఐటీ కంపెనీల క్యాంటీన్లలో మిగిలిన అన్నం, టిఫిన్లు డ్రమ్ముల్లో తెచ్చి, మళ్లీ ఉడకబెట్టి పెద్ద పందులకు పెట్టేది. ఉప్మా వదిలేసే ఇంజనీర్ల పుణ్యాన అవి బాగానే ఒళ్లు చేశాయి. కానీ అంతకు ముందు ఏడాది జ్వరాలొచ్చి మంద చాలావరకు పోయింది. మిగిలిన ఒక్క తల్లిపంది ఈనిన ఆడపిల్లల మీదే మళ్లీ మంద నిలబడాలి. అందుకని వాటికి ఎంగిలి మెతుకులు ముట్టించకుండా, మొక్కజొన్న కొని పిండి పట్టించి పెట్టింది.

ఒక ఉదయం నవ్వుకుంటూ దవాఖానకు వచ్చింది. “సారూ, నా పిల్లలు జల్దీ ఎదకొచ్చినయ్. మగదాన్ని ఇడువాల్నా, జర వచ్చి చూసి చెప్పుండ్రి,” అంది. మొన్నమొన్న పాలు మరిచిన పిల్లలు ఎదకు రావడమేమిటి? నా మనసు కీడు శంకించింది.

వెళ్లి చూశాను. మానాలు వాచి ఎర్రబడ్డ మాట నిజమే. అయితే పంది నిజంగా ఎదకొస్తే, నడుం మీద అరచేత్తో అదిమినప్పుడు చెవులు నిక్కించి కొయ్యబారి నిలబడుతుంది. వీటిని అదిమితే కీచుమంటూ పారిపోయాయి. పైగా మగపిల్లలకూ చన్నులు ఉబ్బాయి. ముక్కీ ముక్కీ ఒకదానికి మలద్వారం లోపలి పొర బయటికొచ్చింది. దాన్ని లోపలికి నెట్టి కుట్టు వేస్తుంటే బాలమణి నవ్వు ఆగిపోయింది.

మొక్కజొన్న చూపించమన్నాను. రేకుల షెడ్డు కారి బస్తాలు తడిశాయట. గింజల మీద గులాబీ రంగు బూజు. కడిగి ఎండబోశానంది. కడిగితే బూజు పోతుంది గానీ, అది గింజలో వదిలిన విషం పోదు. “కోళ్లు గూడ గవే గింజలు తింటున్నయ్ గద సారూ, వాటికేం గాలే!” అని నిలదీసింది. నిజంగానే కోళ్లు ఆ బస్తాల చుట్టూ దర్జాగా తిరుగుతున్నాయి.

జవాబు కాలేయంలో ఉంది. ఆ విషం పేరు జీరాలెనోన్. ఒంట్లో ఆడ హార్మోను వేషం కడుతుంది. పేగుల్లోంచి కాలేయానికి చేరగానే, కోడి కాలేయం దాన్ని ఎక్కువగా బలహీనమైన రూపంలోకి మార్చేస్తుంది. పంది కాలేయం మాత్రం విరుగుడు చేయబోయి దానికే పదును పెడుతుంది. మారిన రూపం అసలుకన్నా బలమైనది. పైత్యరసంతో మళ్లీ పేగుల్లోకి దిగి, పోయినట్టే పోయి తిరిగి రక్తంలోకి ఎక్కుతుంది. సొంత హార్మోన్లు ఇంకా మేలుకోని చిన్న ఒంటిని ఏమార్చడానికి అది కొంచెం చాలు.

ఇదంతా వివరిస్తే, “కాపాడేటి కార్జమే గిట్ల జేస్తదా?” అని కూలబడింది. “మంచిదని నేనే పెట్టిన గద సారూ!” అని ఏడ్చింది. నా బాధ కనపడకుండా కసిరాను: ఏడుపు తర్వాత, ముందు ఆ బస్తాలు పారబొయ్యి. కోళ్లకైనా వేసుకుంటానంటే అదీ వద్దన్నాను. ఒక బూజు పట్టిన గింజలో కోళ్లకు కీడు చేసే ఇంకో బూజు ఉండదని ఎవరు చెప్పగలరు?

గింజలు, పిల్లల మూత్రం ప్రయోగశాలకు పంపి, జవాబు కోసం ఆగకుండా మేత మార్పించాను. దీనికి విరుగుడు మందు లేదు. మేత ఆపడమే వైద్యం. ప్రయోగశాల నా అనుమానమే నిజమంది. వాపులు మెల్లగా దిగాయి. కానీ అవి ఎప్పటికైనా ఈనుతాయా అని బాలమణి అడిగినప్పుడల్లా నేను మాట తప్పించేవాణ్ణి. నాకు తెలియదు మరి.

చలికాలం వెళ్తుండగా కబురు పెట్టింది. అప్పటికి పిల్లలు ఏపుగా పెరిగాయి. “ఈసారి నేనేం చెప్ప సారూ. మీరే అదిమి చూడుండ్రి,” అంది. ఒక పంది నడుం మీద చెయ్యి వేసి అదిమాను. చెవులు నిక్కించి, కదలకుండా నిలబడింది. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం ప్రమోషన్ వచ్చిన నాడు కూడా కలగలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. బాలమణి మందతో సహా ఊరవతలికి వెళ్లిపోయింది. నేను మణికొండలో ఫ్లాటులో ఉంటున్నాను. ఫలానావాళ్లు తిన్నారు, వాళ్లకేమీ కాలేదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోలేను. మేత మంచిచెడ్డలు తిన్న ఒంటిని బట్టి ఉంటాయి. కోడి ఆరోగ్యం పందికి సర్టిఫికెట్ కాదు.