పుస్తకం తిప్పిన సుగుణమ్మ

పక్కగదిలో మా అమ్మాయి ప్రసన్న దగ్గితే నేను ఇప్పటికీ అన్నం ముందునుంచి లేచి నిలబడతాను. దానికిప్పుడు పదిహేనేళ్లు. తల పట్టుకోలేదని కళ్లారా చూస్తే గానీ కూర్చోను. అలా లేచినప్పుడల్లా సుగుణమ్మ గుర్తొస్తుంది.

ప్రొద్దుటూరులో మా వీధిలోనే ఉండే రిటైరైన నర్సు ఆమె. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. తొమ్మిదేళ్ల ప్రసన్న అక్కడ గొంతెత్తి పాడగానే తల వెనక పట్టుకుని ఏడ్చేది. బడిలో వేషాలన్నారు. జమ్మలమడుగులో ఒక డాక్టరు పిల్ల మెడ కూడా ముట్టకుండా కళ్లద్దాలు రాశాడు. పులివెందులలో మా బావమరిది, మెడ పట్టిందని నాటువైద్యుడితో తైలం రాయించి మెడ విరిపించబోయాడు. ప్రతివాడి పేరూ, అన్న మాటా నోటుపుస్తకంలో రాసుకున్నాను, పైవాళ్లకు అర్జీ పెట్టాలని. అదంతా సుగుణమ్మకు చదివి వినిపించాను.

"ఏమప్పా, ఇంత రాసినావే, బిడ్డకు నొప్పి ఎప్పుడొస్తాందో ఒక్క ముక్క లేదే! నీ రోషానికి మందు ఎవురిస్తారు?"

"నన్ను అన్నోళ్లను ఊరికే వదలమంటావా?"

"వదలొద్దులే. ముందుపక్క నీ కొట్లాటలు రాసుకో. ఎనకపక్క బిడ్డది రాయి" అంటూ పుస్తకం తిప్పి నా చేతిలో పెట్టింది.

ఒళ్లు మండింది. ఆ మంటతోనే రాశాను. దగ్గితే నొప్పి. గట్టిగా నవ్వితే నొప్పి. మూడోవారం వేడి పాలగిన్నెను ఎడమచేత్తో పట్టుకుంది. వేళ్లు బొబ్బలెక్కినా తెలియలేదు. అది చదివి సుగుణమ్మ లేచి నిలబడింది. "రేపే పెద్దాసుపత్రికి పోదాం పా" అంది.

అక్కడి సర్జన్ వెనక పేజీలే చదివాడు. స్కాన్ తీయించి చెప్పాడు: చిన్నమెదడు కింది కొస పుర్రె అడుగు రంధ్రంలోంచి మెడలోకి జారింది, వెన్నుపాములో నీరు చేరింది. పుర్రె వెనక కొంచెం ఎముక తీసి, మెదడు మీది పొర తెరిచి అతుకు వేస్తే చోటు దొరుకుతుంది. "మెడ విరిపించి ఉంటే?" అని అడిగాను. ఆయన స్కాన్‌లో ఆ జారిన కొస మీద వేలు పెట్టి చూపించాడు.

ఆపరేషన్ గది బయట అటూ ఇటూ తిరుగుతున్నాను.

"కూచోప్పా, నువ్వు తిరుగుతాంటే నాకు తల తిరుగుతాంది."

"ఈ మాట గూడా రాసుకుంటా."

"రాసుకో. నా పేరు మాత్రం తప్పుల్లేకుండా రాయి."

నొప్పి పోయింది. రెండు వేళ్లకు మాత్రం వేడి ఇంకా తెలియదు. సుగుణమ్మ పోయి రెండేళ్లయింది. ఆమెతో ఒక్క మంచిమాట అనలేదు. ముందుపక్క ఆ రోజు రాసిన ఆమె పేరు అలాగే ఉంది, తప్పుల్లేకుండా. ఎవరి పేరూ కొట్టెయ్యలేదు, ఆమెది కూడా.

ఈ పొద్దున మళ్లీ దగ్గు. లేచాను.

"ఏం లేదు నాయనా, పొలమారింది. నువ్వు తిను" అంది ప్రసన్న.

నేను కూర్చోలేదు. పుస్తకాన్ని వెనకనుంచి తెరిచాను.