తెల్లవారుజాము సీసా

గడ్డి కుక్కిన పెట్టెలో ఎనిమిది సీసాల సముద్రపు నీళ్లు బొంబాయి వైపు నుంచి హైదరాబాద్‌కు తెస్తున్నాను. ఒడ్డున మూడు గంటలకొకసారి ముంచిన నీళ్లు. పగలు ఎండకు సముద్రపు నాచు నీళ్లలోని బొగ్గుపులుసు వాయువును పీల్చేస్తుంది. రాత్రంతా ఆ వాయువు మళ్లీ పెరిగి, తెల్లవారుజాముకు అన్ని వేళలకన్నా ఎక్కువవుతుంది. అది కొలిచేదాకా మూత తీయకూడదు. అందుకని పాత బ్రాందీ సీసాలకు బిరడాలు బిగించి మైనం పోశాను. ఆ తెలివితక్కువ పని నాదే.

జహీరాబాద్ బస్టాండులో పెట్టె తెరిచి సర్దుతుంటే, రాయికోడ్ బస్సు కోసం కూర్చున్న ఒకామె లేచి వచ్చింది.

"ఏందియి? సారానా?"

"నీళ్లమ్మా. ముట్టుకోకు."

"గింత మైనం బెట్టి నీళ్లు దాస్తరా?"

చటుక్కున ఒక సీసా లాక్కుని, పళ్లతో బిరడా పీకి, నేల మీద గుమ్మరించేసింది. తెల్లవారుజామున ముంచిన సీసా అది. వేలికంటిన తడిని నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మింది.

"ఉప్పు నీళ్లు!"

"చెప్పాను కదా! బుద్ధుందా నీకు?" అని చెయ్యెత్తాను.

ఆమె అంగుళం కూడా జరగలేదు.

"నా పెనిమిటి గూడ సచ్చేదాంక నీళ్లే అన్నడు" అంది. ఖాళీ సీసా నా పెట్టెలో పడేసి పోయింది.

హైదరాబాద్‌లో మిగతా ఏడు సీసాలూ కొలిచి గీసిన గ్రాఫులో తెల్లవారుజాము చోటు ఖాళీగా మిగిలింది. అక్కడ అటూ ఇటూ ఉన్న చుక్కలు కలిపెయ్యమన్నారు మా ల్యాబు సారు. నేను కలపలేదు. ఆ నీళ్లేమయ్యాయని అడిగితే, సారా అనుకుని పారబోశారని చెప్పాను.

ఆయన పడిపడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.