క్యాసెట్టు పట్టే కంప్యూటర్

మదనపల్లెలో నేను కంప్యూటర్లు తయారుచేసేవాడిని. తయారుచేయడమంటే బెంగుళూరు నుంచి విడిభాగాలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, అంగట్లో స్క్రూలు బిగించి, ముందువైపు నా స్టిక్కరు అంటించడం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా వైపు అంతమాత్రానికే మనిషి తయారీదారుడు అయిపోయేవాడు. లోపం ఒక్కటే. నా స్టిక్కరున్న కంప్యూటర్‌ను అప్పటిదాకా ఎవరూ కొనలేదు.

మొదటి బేరం పుంగనూరు నుంచి వచ్చింది. టమోటా మండీ నడిపే ఒకాయన లెక్కలకని అడిగాడు. ఆటల మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే కసిరేవాడిని. కంప్యూటర్ అంటే చదువు, ఉద్యోగం అని నాకు గట్టి నమ్మకం, దాంట్లో ఆటలాడేవాళ్ళంటే ఒళ్ళుమంట.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు వాళ్ళమ్మ వాడాలి. స్కూటర్ కొన్నప్పుడు ఆమె ఎక్కి కూర్చుని హారన్ కొట్టాకే బండి వీధిలోకి వచ్చిందట. మిక్సీలో మొదటి చట్నీ కూడా ఆమెదే. కంప్యూటర్‌కు కొబ్బరికాయ కొట్టి, మానిటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, మౌస్ పక్కన నిమ్మకాయ ఉంచి అవ్వను పిలిచారు. ఆమె కొంగులోంచి ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ క్యాసెట్టు తీసింది.

అది టీవీకి తగిలించే వీడియో గేమ్ క్యాసెట్టు. కుప్పంలో ఉన్న కూతురు పిల్లల కోసం కొన్న ఆట పెట్టె, పిల్లలకు మొహం మొత్తాక అవ్వ చేతికొచ్చింది. ఒక కోతి బుట్ట పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తుతూ పైనుంచి పడే ఎర్రటి పండ్లను పట్టాలి. అవ్వకు అవి టమోటాలే. ఒకటి జారిపోతే మండీలో కూలీలను తిట్టినట్టే కోతిని తిట్టేదట. కరెంటు ఎక్కువతక్కువై ఆ పెట్టె కాలిపోయింది, క్యాసెట్టు మాత్రం మిగిలింది.

"ఇది యాడ పెట్టాలప్పా?" అంది నన్ను చూసి.

"దీంట్లో అది పట్టదవ్వా. ఇది వేరే."

"అంత చిన్న పెట్టె చేసే పని ఇంత లావు పెట్టెకు రాదా?"

నేను మెమరీ, ప్రాసెసర్ అంటూ మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే కొడుకు వైపు తిరిగింది. "కోతిని ఆడించను రానిది మండీ లెక్కలు ఏం చేస్తాదిరా? శుక్రవారం దాకా సూస్తాం. కాకుంటే ఎత్తుకపొమ్మను."

పూజ చేసిన కంప్యూటర్ కుంకుమతో సహా వెనక్కి వస్తే ఇక దాన్నెవరూ ముట్టుకోరు. ఫలానా అంగడి కంప్యూటర్ ఆ ఇంటికి అచ్చిరాలేదట అనే మాట, గుర్రంకొండ బస్సు కంటే ముందే అన్ని ఊళ్ళూ తిరిగేస్తుంది. అంగడి మూసుకోవాల్సిందే.

బెంగుళూరు పరుగెత్తాను. విడిభాగాలమ్మే వీధిలో ఒకాయన నా గోడు విని, బాగా నవ్వుకుని, ఒక సీడీ చేతిలో పెట్టాడు. అందులో ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఉంది. కంప్యూటర్ చేత టీవీ గేమ్ పెట్టె వేషం వేయించడం దాని పని. వెతికితే మన కోతి కూడా దొరికింది. కొత్త పెట్టె ఎంత గొప్పదైనా పాత పెట్టె చేసిన పని చేయకపోతే గడప దాటనివ్వరని నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు.

శుక్రవారం పుంగనూరులో కోతి తెర మీదికి రాగానే మీసం మెలేశాను. అవ్వ కదల్లేదు.

"క్యాసెట్టు నా చేతిలోనే ఉండాది. మరి ఆ కోతి ఎవురిది?"

నేను స్క్రూడ్రైవర్ తీశాను. డబ్బా ముందువైపు ఖాళీగా ఉన్న ప్లాస్టిక్ పలకను వేడిచేసిన బ్లేడుతో కోసి, క్యాసెట్టు పట్టేంత సందు చేశాను. లోపల అట్టముక్కలతో గూడు కట్టాను. అక్కడినుంచి ఏ వైరూ ఎక్కడికీ పోదు. మండీ ఆయన నా వైపు చూశాడు. నేను నిమ్మకాయ వైపు చూశాను.

అవ్వ క్యాసెట్టు మూతిలో గట్టిగా ఊదింది. టీవీ గేమ్ ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే ఆచారం, ఊదందే ఆట రాదు. తర్వాత దాన్ని సందులోకి తోసింది, నేను మౌస్ నొక్కాను, కోతి వచ్చింది. ఏ మీటలు నొక్కాలో తెలియడానికి కోడలు వాటికి పసుపు బొట్లు పెట్టింది. అవ్వ ఆడుతోంది, కోతిని తిడుతోంది. ఇరుగుపొరుగుతో పాటు కుప్పం నుంచి వచ్చిన అల్లుడు కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

అంతలో కోతి బిగుసుకుపోయింది. బుట్ట గాల్లో, టమోటా గాల్లో. నేను నొక్కని మీట లేదు. ఆర్పి మళ్ళీ వేద్దామంటే, "ఆడతాండే కోతిని సంపుతావా?" అని అవ్వ గద్దించింది. మండీ ఆయన లేచి నిలబడ్డాడు. ఎత్తుకపొమ్మంటాడని నాకు అర్థమైపోయింది.

అవ్వ తాపీగా క్యాసెట్టు లాగి నా చేతికిచ్చింది. "ఊదు."

సందు కోసింది నేనే. అట్ట అంటించింది నేనే. అయినా ఊదాను. కళ్ళు మూసుకుని, ఇంటిదేవుణ్ణి తలుచుకుని, గుండెల్లో ఉన్న గాలంతా ఊదాను. లోపలికి తోశాను. కోతి కదిలింది, టమోటా బుట్టలో పడింది.

ఎందుకు కదిలిందో నాకు తెలియదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుప్పం అల్లుడు అక్కడికక్కడే తనకూ ఒకటి కావాలన్నాడు, సందు ఉండేదే కావాలన్నాడు. వాళ్ళింట్లో క్యాసెట్టే లేదు.

అవ్వ మీటల మీదినుంచి చెయ్యి తీయకుండానే కొడుకుతో అంది. "కంప్యూటర్ మంచిదేరా, ఉండనీ. ఈయప్పకే ఇంకా సరిగ్గా ఊదేది రాలేదు."